ఊక, బొగ్గు, కాకిబంగారం

నెల్లూరు జిల్లా కోవూరు రైసుమిల్లుల వెనక గుట్టలుగా పడి ఉండే ఊకకీ, ఒడిశాలోని తాల్చేరు గనుల్లో తవ్వే బొగ్గుకీ కిలో లెక్కన చూస్తే వేడిలో పెద్ద తేడా లేదు. ఎండిన ఊక కిలో కాలిస్తే సుమారు 3,100 కిలోకేలరీల వేడి వస్తుంది. మన థర్మల్ కేంద్రాలకి మామూలుగా అందే దేశీయ బొగ్గు కిలోకి 3,500 దాకా ఇస్తుంది. ఈ మాట చెబితే ఎవరూ ఒక పట్టాన నమ్మరు. బొగ్గంటే నిధి, ఊకంటే చెత్త అని మనసులో నాటుకుపోయింది మరి. కానీ ఆ బొగ్గులో నూటికి 35 నుంచి 40 పాళ్లు కాలని మన్ను. ఊకలో కాలనిది 20 పాళ్లకి మించదు.

ఆ కాలని 20 పాళ్ల సంగతి ఇంకా విచిత్రం. ఊక బూడిదలో పదింట తొమ్మిది వంతులు సిలికా, అంటే ఇసుకలో ఉండే పదార్థమే. ఎగువన అనంతపురం, కడప ప్రాంతాల రాళ్లు అరిగి పెన్నలో ఇసుకగా, ఒండ్రుగా కొట్టుకొస్తాయి. అందులో కొంత సిలికా నీళ్లలో కరిగి వరి వేళ్లకి అందుతుంది. మొక్క దాన్ని నీటితోపాటు పైకి లాక్కుని ఆకు అంచుల్లోనూ గింజ పైపొట్టులోనూ దాచుకుంటుంది. కోతల్లో చేతులు గీసుకుపోవడానికీ, ఊకని పశువులు ముట్టకపోవడానికీ కారణం అదే. పెన్న ఒడ్డున వరి పండించడమంటే ఏటా కొంత ఖనిజాన్ని కూడా పండించడమే.

నెల్లూరు పుట్టి 850 కిలోలు. పుట్టి ధాన్యం ఆడిస్తే 170 కిలోల ఊక వస్తుంది. చిన్న బాయిలరూ చిన్న టర్బైనూ పెట్టి కాల్చినా, వేడిలో అయిదో వంతు మాత్రమే కరెంటుగా మారుతుందనుకున్నా, పుట్టికి దాదాపు 120 యూనిట్లు. మిల్లు తన మోటార్లు తానే తిప్పుకోవడానికి అది చాలినంత. ఉప్పుడు బియ్యం చేసే మిల్లులు ఊకని ఎప్పటినుంచో బాయిలర్లలో వేస్తున్నాయి కూడా. చక్కెర మిల్లులు చెరకు పిప్పితో చేసేదీ ఇదే పని.

అలాగని ఊకతో జిల్లా అంతా వెలిగిద్దామంటే కుదరదు. పెన్న దాటి ఆగ్నేయంగా పాతిక ముప్పయి కిలోమీటర్లు పోతే ముత్తుకూరు మండలం నేలటూరు వస్తుంది. అక్కడి దామోదరం సంజీవయ్య థర్మల్ విద్యుత్ కేంద్రంలో ఒక్కోటి 800 మెగావాట్ల యూనిట్లు మూడున్నాయి. లక్ష పుట్ల ధాన్యం ఆడగా వచ్చిన ఊకనంతా పోగుచేసి అందులో ఒక్క యూనిట్‌కి వేస్తే ఒకటిన్నర రోజుకి కూడా చాలదు. ఇంధనం నాణ్యత ఒక సంగతి, దాని రాశి ఇంకో సంగతి. ఈ రెండోదాని కోసమే ప్రపంచం గనులు తవ్వింది.

800 మెగావాట్లంటే గంటకి 8 లక్షల యూనిట్లు. ఒక యూనిట్ కరెంటు అంటే 860 కిలోకేలరీలు. బాయిలర్లో పుట్టిన వేడిలో నూటికి 40 పాళ్లు కరెంటుగా మారతాయనుకుని లెక్క వేయండి. 3,500 కిలోకేలరీల బొగ్గయితే గంటకి దాదాపు 490 టన్నులు, రోజుకి 12 వేల టన్నులు కావాలి. బూడిదే రోజుకి నాలుగు వేల టన్నులు దాటుతుంది. ఇదంతా ఒక్క యూనిట్ నిండు సామర్థ్యంతో నడిస్తే.

నలభయ్యేనా అనిపించవచ్చు. నిజానికి అది గొప్ప సంఖ్యే. నేలటూరు యూనిట్లు సూపర్ క్రిటికల్ రకం. మామూలు బాయిలర్లో నీళ్లు మరిగి, బుడగలు లేచి, ఆవిరిగా విడిపోతాయి. పీడనాన్ని వాతావరణ పీడనానికి 218 రెట్లు దాటించి, వేడిని 374 డిగ్రీలు దాటిస్తే నీటికీ ఆవిరికీ మధ్య గీత చెరిగిపోతుంది. మరగడమనే ఘట్టమే ఉండదు. ఆ స్థితి దాటించి ఇంకా పైకి కాచిన ఆవిరి టర్బైన్‌ని తోస్తే, అదే బొగ్గుకి పాత రకం కేంద్రాలకన్నా ఎక్కువ కరెంటు వస్తుంది. అయినా నూటికి 60 పాళ్ల వేడి పొగగొట్టంలోంచో, ఆవిరిని తిరిగి నీరు చేసే చల్లటి నీళ్లతోనో బయటికి పోక తప్పదు. ఇది ఇంజనీర్ల చేతకానితనం వల్ల వచ్చింది కాదు. వేడిని పనిగా మార్చే ఏ యంత్రమైనా కొంత వేడిని చల్లటి చోటుకి వదిలిపెట్టాల్సిందేనని 1824లోనే ఫ్రెంచి ఇంజనీరు సాడీ కార్నో తేల్చాడు. ఆ చల్లటి చోటు కోసమే థర్మల్ కేంద్రాలు నదినో సముద్రాన్నో వెతుక్కుంటాయి. వర్షం నమ్మకంలేని పెన్నకన్నా బంగాళాఖాతం మేలు.

సముద్రం కావాలనడానికి రెండో కారణం ఓడ. పాత నెల్లూరు జిల్లాలో ఎంత లోతు తవ్వినా బొగ్గు దొరకదు. ఇక్కడి అడుగు రాయి నూరు కోట్ల ఏళ్లకి ఎంతో పైబడిన వయసుది. నేలమీద మొక్కలు పుట్టింది 47 కోట్ల ఏళ్ల కిందట. మొక్కే లేని కాలపు రాయిలో బొగ్గు ఎక్కడిది? సింగరేణి బొగ్గు, తాల్చేరు బొగ్గు రెండూ అంతకన్నా ఎంతో తర్వాత, పాతిక ముప్పయి కోట్ల ఏళ్ల కిందటి అడవులు పూడి ఏర్పడినవి. అందువల్ల నేలటూరుకి రావాల్సిన మహానది కోల్‌ఫీల్డ్స్ బొగ్గు తాల్చేరులో రైలెక్కి, పారాదీప్‌లో ఓడెక్కి, కృష్ణపట్నంలో దిగుతుంది. దాంతో కలిపి కాల్చేందుకు ఇండోనేషియా లాంటి దేశాల నుంచి మరికొంత వస్తుంది.

2008లో కృష్ణపట్నం ఓడరేవు మొదలయ్యాక ఈ తీరం పొగగొట్టాల వరస అయింది. నేలటూరులో ప్రభుత్వ సంస్థ జెన్‌కో కుటుంబానిది 2,400 మెగావాట్లు. పక్కనే మొదట సెంబ్‌కార్ప్ నడిపి, తర్వాత చేతులు మారి సెయిల్ ఎనర్జీగా నడుస్తున్న రెండు కేంద్రాలవి 2,640. ఉప్పుటేటికి అవతల తమ్మినపట్నం దగ్గర మీనాక్షి ఎనర్జీది 1,000, సింహపురి ఎనర్జీది 600. అన్నీ కలిపితే 6,640 మెగావాట్లు. 1960ల్లో నెల్లూరులో 30 మెగావాట్ల థర్మల్ కేంద్రం పెట్టినప్పుడు అదే గొప్ప.

ఈ 6,640 అనే అంకెని సభల్లో చెబితే చప్పట్లు పడతాయి. జిల్లా ఆర్థిక స్థితికి దాన్ని కొలబద్దగా వాడటం మాత్రం తప్పు. మీనాక్షి దివాలా ప్రక్రియలోకి వెళ్లి 2023లో వేదాంత చేతికి వచ్చింది. సింహపురిది కూడా దివాలా కథే. అన్నిటికన్నా పెద్దది అసలు కట్టనే లేదు. 2007లో కృష్ణపట్నానికి 4,000 మెగావాట్ల అల్ట్రా మెగా ప్రాజెక్టు వచ్చింది. యూనిట్ సగటున 2 రూపాయల 33 పైసలకే ఇస్తామని రిలయన్స్ పవర్ టెండరు దక్కించుకుంది. ఆ ధర ఇండోనేషియా బొగ్గు చౌకగా దొరుకుతుందన్న నమ్మకం మీద కట్టింది. 2010లో ఇండోనేషియా ప్రభుత్వం తమ బొగ్గుని అంతర్జాతీయ ధరకి తక్కువగా అమ్మకూడదని నియమం పెట్టింది. జకార్తాలో పెట్టిన సంతకంతో మన తీరంలో పనులు ఆగిపోయాయి, సేకరించిన భూములు ఖాళీగా మిగిలాయి. విదేశీ చట్టం మారడాన్ని కారణంగా చూపి రేటు పెంచమనడం కుదరదని, ఇలాంటివే గుజరాత్‌లోని ముంద్రా కేంద్రాల కేసులో సుప్రీంకోర్టు 2017లో తీర్పు చెప్పింది కూడా.

సొంత ఖనిజం లేని కరెంటు ఎంత పరాధీనమో చూశాం. పుట్టిన కరెంటు మాత్రం ఎవరిది? జనరేటర్లోంచి బయటికి రాగానే దాన్ని 400 కిలోవోల్టులకి పెంచి గ్రిడ్డులోకి వదులుతారు. ఇక దానికి ఊరూ పేరూ ఉండదు. సెయిల్ కేంద్రానికి బంగ్లాదేశ్‌తో 250 మెగావాట్ల దీర్ఘకాలిక ఒప్పందం ఉంది. అంటే ముత్తుకూరు తీరపు బూడిద లెక్కలో ఢాకా వీధి దీపాల వాటా కూడా ఉందన్నమాట. కోవూరు, విడవలూరు, ఇందుకూరుపేట రొయ్యల చెరువుల్లో రాత్రంతా తిరిగే ఏరేటర్లకి కరెంటు రెండు గంటలు పోతే నీటిలో ప్రాణవాయువు పడిపోయి పంట చేతికి రాకుండా పోతుంది. అందుకని పొగగొట్టాలు కనపడే దూరంలోనే రైతు డీజిల్ జనరేటరు కొని పెట్టుకుంటాడు. దగ్గర్లో కేంద్రం ఉన్నంత మాత్రాన కరెంటు ముందుగా ఇటు రాదు. అది గ్రిడ్డు స్వభావం, ఎవరినీ తప్పుపట్టి లాభంలేదు. కానీ బూడిదా, బొగ్గు నుసీ, ఉప్పుటేటి నీళ్లు వేడెక్కాయన్న మత్స్యకారుల గోడూ గ్రిడ్డు ఎక్కవు, ఇక్కడే ఉండిపోతాయి.

ఇప్పుడు జిల్లా సొంత ఖనిజం దగ్గరికి పోదాం. విచిత్రమేమంటే అది మండదు సరికదా, కరెంటుని కదలనివ్వదు.

గూడూరు, సైదాపురం, రాపూరు, పొదలకూరు చుట్టూ ఉన్న నేల అభ్రకానికి ప్రపంచ ప్రసిద్ధం. జనం నోట కాకిబంగారం, వ్యాపారుల నోట మైకా. భూగర్భంలో కరిగిన శిలాద్రవం చల్లబడుతూ గట్టిపడుతుంటే చిట్టచివరికి నీటి శాతం ఎక్కువగా ఉన్న పలచటి ద్రవం కొంత మిగులుతుంది. అది చుట్టుపక్కల రాతి పగుళ్లలోకి చొరబడుతుంది. పలచగా ఉండటం వల్ల అందులో అణువులు స్వేచ్ఛగా తిరిగి, స్ఫటికాలు చాలా పెద్దవిగా పెరుగుతాయి. ఇలా ఏర్పడిన రాతి చారల్ని పెగ్మటైట్లు అంటారు. తెల్లటి పలుగురాయి, గులాబీ ఛాయ ఫెల్డ్‌స్పార్, మధ్యలో అభ్రకం. ఆ అభ్రకం దొంతరలకి గని భాషలో పుస్తకాలని పేరు. పొదలకూరు దగ్గరి ఇనికుర్తి గనిలో పదడుగుల వెడల్పున్న పుస్తకాలు దొరికాయని నూరేళ్ల కిందటి గ్రంథాలే రాశాయి.

అభ్రకంలో సిలికా, అల్యూమినా పొరలు గట్టిగా అల్లుకుని రేకులుగా ఉంటాయి. రేకుకీ రేకుకీ మధ్య పొటాషియం అయాన్లు మాత్రం బలహీనంగా పట్టి ఉంచుతాయి. గోరు దూర్చినా రేకులు విడిపోవడానికి కారణం అదే. రేకులోని ఎలక్ట్రాన్లన్నీ బంధాల్లో కట్టుబడి ఉంటాయి, కరెంటుని మోయడానికి ఒక్కటీ ఖాళీగా ఉండదు. పలచటి రేకుల మీద చేసిన పరీక్షల ప్రకారం మిల్లీమీటరు మందానికి లక్ష వోల్టులకి పైగా తట్టుకుంటుంది. అయిదు వందల డిగ్రీల వేడికీ చెక్కుచెదరదు. 1880ల్లో డైనమోల వాడకం పెరిగాక వాటిలో రాగి ముక్కకీ రాగి ముక్కకీ మధ్య పెట్టడానికి ఇంతకన్నా మంచి సరుకు దొరకలేదు. నెల్లూరు సీమలో మైకా గనులు పుంజుకున్నది సరిగ్గా ఆ తర్వాతే, 19వ శతాబ్దం చివర్లో. ఖనిజం పుట్టింది ఈ జిల్లాలో, గిరాకీ పుట్టింది యూరప్, అమెరికా కరెంటు ఫ్యాక్టరీల్లో.

బీహారు మైకా ఎరుపు, నెల్లూరుది ఆకుపచ్చ. అక్కడ కొడవలితో అంచులు తీసేవాళ్లు, ఇక్కడ కత్తెరతో. ఆ తర్వాత పని చేతివేళ్లది. కత్తి మొనతో దొంతరని విప్పుతూ మిల్లీమీటరులో ముప్పయ్యో వంతు మందం ఉండే రేకులు తీయాలి. ఈ పని చేసింది ఎక్కువగా ఆడవాళ్లు. రెండో ప్రపంచ యుద్ధంలో విమానాల రేడియోలకీ రాడార్లకీ మైకా లేకపోతే గడవదని బ్రిటన్, అమెరికా కలిసి 1942లో జాయింట్ మైకా మిషన్ పెట్టి భారతదేశపు మైకాని కొన్నాయి. యుద్ధం గెలవడంలో గూడూరు ప్రాంతపు కూలీల వేళ్ల పాత్ర ఉందనడం అతిశయోక్తి కాదు. ఆ మాట ఏ విజయోత్సవంలోనూ ఎవరూ అనలేదు, అది వేరే సంగతి.

పడిపోవడానికి కారణాలు ఒకదాని వెంట ఒకటి వచ్చాయి. రేడియోల్లో వాల్వులు పోయి ట్రాన్సిస్టర్లు వచ్చాయి. తుక్కు మైకాని నలిపి, నీళ్లలో కలిపి, కాగితంలా పరిచే పద్ధతి వచ్చింది. ఇక పెద్ద రేకులతో, వాటిని తీసే వేళ్లతో పని తగ్గింది. మిగిలిన పెద్ద కొనుగోలుదారు సోవియట్ యూనియన్, అది 1991లో లేకుండా పోయింది. సైదాపురం చుట్టూ ఉన్న గోతులు చాలావరకు నీళ్లతో నిండిపోయాయి.

మైకా అవసరం మాత్రం పోలేదు. పెద్ద జనరేటర్ల స్టేటర్‌లో రాగి కడ్డీల్లో వోల్టేజి 20 వేలు దాటుతుంది. అంత పీడనంలో ఇన్సులేషన్ లోపల ఎక్కడైనా చిన్న గాలిబుడగ మిగిలితే అందులో నిప్పురవ్వలు నిత్యం చిటపటలాడుతుంటాయి. ప్లాస్టిక్ రకాలన్నిటినీ అవి మెల్లగా తినేస్తాయి. మైకాని తినలేవు. అందుకే ఈ రోజుకీ పెద్ద జనరేటర్ల కడ్డీలకి మైకా కాగితాన్ని గాజుబట్టకి అంటించి, ఎపాక్సీ జిగురుతో చుడతారు. ఆ టేపు తయారయ్యేది వేరే చోట్ల. తుక్కు మైకా ఇక్కడినుంచి పోతే, చుట్టిన కడ్డీలు యంత్రంతోపాటు ఓడలోనో లారీలోనో తిరిగొస్తాయి. లాభమంతా మధ్యలో జరిగే ఆ పనిలో ఉంది. రాయిలో ఉన్నది కొంచెమే.

ఇదే కథ ఇప్పుడు పలుగురాయి రూపంలో మళ్లీ మొదలైంది. మైకా తవ్వినన్నాళ్లూ పలుగురాయిని గట్టున పారబోశారు. గత కొన్నేళ్లుగా ఆ గుట్టలకే గిరాకీ. స్వచ్ఛమైన పలుగురాయి, అంటే క్వార్ట్జ్, సిలికాన్‌కి మూలం. సోలార్ ప్యానెల్‌కి ప్రాణం సిలికాన్. చైనాకి ఎగుమతులు పెరిగాయి, అక్రమ తవ్వకాల కేసులూ పెరిగాయి.

క్వార్ట్జ్‌ని సిలికాన్ చేసే పద్ధతి చెప్పడానికి తేలికే. రాయిని బొగ్గుతోనో బొగ్గులాంటి కార్బన్‌తోనో కలిపి విద్యుత్ కొలిమిలో రెండు వేల డిగ్రీల దాకా కాస్తే, రాయిలోని ఆక్సిజన్‌ని కార్బన్ లాక్కుపోతుంది. ఇక్కడ ఖరీదైన ముడిసరుకు కరెంటు. కిలో సిలికాన్‌కి దాదాపు మూడు కిలోల రాయి, 12 యూనిట్ల దాకా కరెంటు కావాలి. నేలటూరులోని ఒక్క యూనిట్ ఒక గంటలో ఇచ్చే కరెంటుతో 66 టన్నుల సిలికాన్ తీయవచ్చు. రాయీ ఈ నేలదే, కరెంటు పుట్టేదీ ఇక్కడే. రెండూ విడివిడిగా బయటికి పోతున్నాయి.

అడ్డు ఏమిటంటే ధర. సిలికాన్, ఫెర్రో సిలికాన్ కొలుములు నార్వేలో, భూటాన్‌లో, చైనాలోని యునాన్‌లో బతుకుతున్నాయంటే అక్కడి జలవిద్యుత్తు చౌక. ఓడెక్కి దిగిన బొగ్గుతో తీసిన కరెంటు ఆ ధరకి రాదు. ఫెర్రో ఎల్లాయ్ పరిశ్రమలు కరెంటు చార్జీలు మోయలేక మొరపెట్టుకోవడం విజయనగరం జిల్లా వాళ్లకి తెలిసిందే. అందుకని రాయి ఉంది, పొగగొట్టం ఉంది, కొలిమి పెట్టేద్దాం అనుకోవడం తొందరపాటు. రెండో అడ్డు భూమి. ఉలవపాడు మండలం కరేడులో ఇండోసోల్ సంస్థ సోలార్ పరిశ్రమకి ఎనిమిది వేల ఎకరాలకి పైగా సేకరిస్తామన్నప్పుడు 2025లో రైతులు హైవే మీదకి వచ్చారు. నీళ్లున్న పచ్చటి భూముల్ని కొలిమికి ఇవ్వమంటే ఊరు ఊరుకోదు. ఊరు అడిగింది న్యాయమేననిపిస్తుంది నాకు. పరిశ్రమ కావాలి, కానీ పండే భూమి మీదే ఎందుకన్న ప్రశ్నకి జవాబు రావాలి.

ఒక మార్పు మాత్రం గమనించాలి. 2015 ఫిబ్రవరిలో కేంద్రం మైకా, క్వార్ట్జ్, ఫెల్డ్‌స్పార్‌లని చిన్నతరహా ఖనిజాల జాబితాలో వేసింది. పదేళ్లకి, 2025 ఫిబ్రవరిలో, వాటిని తిరిగి ప్రధాన ఖనిజాలుగా మార్చింది. కారణం పెగ్మటైట్లే. శిలాద్రవం చివర మిగిలిన ఆ ద్రవంలో మామూలు రాళ్లలో ఇమడని లిథియం, బెరీలియం, నియోబియం, టాంటలం లాంటి మూలకాలు పోగుపడతాయి. బ్యాటరీలకీ, సెల్‌ఫోన్లకీ, విమానాలకీ ఇవే కావాలి. నెల్లూరు గనుల్లో బెరిల్, సమర్‌స్కైట్ దొరుకుతాయన్నది పాత భూగర్భ శాస్త్రవేత్తలకి తెలిసిందే. సమర్‌స్కైట్ నల్లటి బరువైన రాయి, అందులో నియోబియంతోపాటు యురేనియం కూడా ఉంటుంది. చిన్నతరహా లెక్కలో తవ్వినన్నాళ్లూ వీటిని విడిగా చూపాల్సిన పని లేకపోయింది.

ఇప్పుడు సైదాపురం, పొదలకూరు, రాపూరు మండలాల్లో పాత గనుల గుట్టలు పలుగురాయి పేరుతో లారీలకెక్కుతున్నాయి. వాటిలో ఇంకేముందో పరీక్ష చేయించకుండా ఒక్క గుట్టనీ కదలనివ్వకూడదు. ఆ ఫలితాలు గనుల శాఖ ఫైళ్లలో ఉంటే చాలదు. ఏ గుట్టలో ఏ మూలకం ఎంత ఉందో ఆయా పంచాయతీ ఆఫీసుల గోడల మీద తెలుగులో అంటించమని గ్రామసభల్లో అడగండి.